వేలు మొదట పడ్డ చోటు

సంచి విప్పగానే సిరా వాసన గుప్పుమంది. పేజీ నిండా రంగు పట్టిన మందపాటి కాగితానికి ఒక ఘాటు ఉంటుంది, కొంచెం వార్నిష్‌లా, కొంచెం కిరోసిన్‌లా. ఆదివారం పొద్దున, పటాన్‌చెరులో మా ఫ్లాటు హాల్లో చాప పరుచుకుని కూర్చుని, కొత్తగా కొన్న పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాను. అన్నీ బొమ్మల నవలలే. గ్రాఫిక్ నవలలు అంటున్నారు ఇప్పుడు. హైదరాబాదులో దుకాణంలో డబ్బు కడుతుంటే కౌంటరు దగ్గరి అమ్మాయి "పిల్లలకా మేడం?" అని నవ్వుతూ అడిగింది. అవునన్నాను. మా ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క పిల్లవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు, బొమ్మల పుస్తకం చేతికిస్తే నన్ను ఆటపట్టిస్తాడు. నలభై దాటిన ఆడమనిషి తన కోసమే బొమ్మల పుస్తకాలు కొనుక్కుంటోందని ఒక్క ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు. బస్సులో కూడా అట్టలు కనపడకుండా సంచి మూతి ముడేసి ఒళ్ళో పెట్టుకున్నాను.

అన్నిటికన్నా పైనున్నది లావుపాటి పుస్తకం. అందులో ఒక్క మాట కూడా లేదు. ఒక ముసలాయన మొదటి పేజీ నుంచి చివరి దాకా పడవ బాగుచేసుకుంటూనే ఉంటాడు, అంతా బొగ్గు గీతలే. ఇంతేనా అని గబగబా తిప్పేసి, పక్కన పెట్టాక మనసొప్పక మళ్ళీ తీసి నెమ్మదిగా చూశాను. రెండోది నీటిరంగులది. రైలెక్కిన ఒక పిల్ల కథ. రంగులు గీత దాటి బయటికి పారుతున్నాయి. కంపెనీ గోడలకు బొమ్మలు గీసి గీసి గట్టిపడ్డ నా చేతికి ఆ రంగును లోపలికి నెట్టాలని దురద పుట్టింది. మూడోదానిలో గడి గడికీ చీమల బారులా అక్షరాలు. ఈ మహానుభావుడికి తన బొమ్మ మీద తనకే నమ్మకం లేదని నవ్వుకున్నాను. అలా ఒక్కొక్కరికీ మార్కులు వేసుకుంటూ నాలుగోది తెరిచాను. జపానులో పుట్టి ఇంగ్లీషులోకి వచ్చిన పుస్తకమది. మొదటి పేజీలోనే ఒక పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎందుకో తెలియదు. రెండో పేజీలో ఎవరో వీడ్కోలు చెబుతున్నారు. అడగని ప్రశ్నలకు జవాబులు వస్తున్నాయి. ఇంత గజిబిజిగా గీస్తే ఎవరికి అర్థమవుతుందని విసుక్కుంటూ నాలుగైదు పేజీలు తిప్పి, మళ్ళీ అట్ట దగ్గరికి వచ్చాను. అక్కడ ఒక చిన్న సూచన ఉంది. ఆగండి, మీరు పుస్తకాన్ని వెనక నుంచి తెరిచారు, దీన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. కింద నాలుగు చిన్న గడులు. వాటిలో ఒకటో అంకె కుడి పక్కన ఉంది.

ఆ అంకెలు చూడగానే నా మొహం వేడెక్కిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు, నన్ను చూసి నవ్వేవాళ్ళూ లేరు. అయినా చేతిలోని పుస్తకాన్ని చాప మీద బోర్లా పెట్టేశాను. ఎప్పుడో చెరిగిపోయిన వేరే నాలుగు అంకెలు గుర్తొచ్చాయి. వాటిని చెరిపిన బొటనవేలు గుర్తొచ్చింది. విఠల్ రెడ్డి సార్ బొటనవేలు అది.

సార్ మా సేఫ్టీ మేనేజరు. జిన్నారం దగ్గరి ఒక మందుల కంపెనీలో నేను డిగ్రీ కాగానే ఆయన గదిలో కంప్యూటరు ముందు చేరాను. మాది జోగిపేట. మార్కెట్లో మా నాన్నకు పప్పుల దుకాణం ఉండేది. చిన్నప్పుడు నేను ఖాళీ గోనెసంచుల మీద బొగ్గుతో బొమ్మలు గీస్తుంటే "బొమ్మలు అన్నం పెడ్తయా బిడ్డా" అనేవాడు నాన్న. ఆయన కోప్పడి అనలేదు గానీ, ఆ మాటతో బొమ్మలు గీయడం నాకు దొంగతనం లాంటి పనైపోయింది. ఎవరూ చూడనప్పుడే గీసేదాన్ని. ఒకరోజు సార్ ప్లాంటు తిరగడానికి వెళ్ళాడు కదా అని, పాడైన కాగితం వెనక ఆయననే గీశాను. వెనక చేతులు కట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కించుకుని, మనిషి కంటే ముందు కడుపు గుమ్మంలోకి వస్తున్నట్టుగా. తల ఎత్తేసరికి ఆయన నా కుర్చీ వెనకే ఉన్నాడు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. చాలాసేపు చూశాడు.

"కడుపు గింత లేదు. జెర తగ్గియ్యి," అన్నాడు.

తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "రేపటి సంది ఒక పూట టైపింగ్ చెయ్యి. ఇంకో పూట నాకు బొమ్మలు కావాలె," అన్నాడు.

ఆయనది వెలిమెల. పొలం ఉన్న కుటుంబం. సగం పొలం అమ్మేశాక కంపెనీలో చేరి, మెల్లగా పైకొచ్చినవాడు. పొద్దున్నే ప్లాంటులోకి వెళ్ళేటప్పుడు కూడా "పొలం చుట్టొస్త" అనేవాడు. ఆయనకు బొమ్మలు ఎందుకు కావాల్సి వచ్చాయో ఆయన క్లాసులో ఒక్కసారి కూర్చుంటే తెలిసిపోయేది. ఎదురుగా బీహారు వాళ్ళు, ఒడిశా వాళ్ళు, బెంగాలీలు, చుట్టుపక్కల ఊళ్ళ మనవాళ్ళు. సార్ తన వచ్చీరాని హిందీలో గంటసేపు చెప్పి "సమఝ్ ఆయా?" అంటే అందరూ ఒక్కసారి తలలు ఊపేవారు. గదిలోకి వచ్చి కూలబడి "తలకాయలు ఊపుడు నేర్చుకున్నరు బిడ్డా, ఇంకేం నేర్చుకోలే" అనేవాడు. అందుకే మాటలు లేని బొమ్మలు కావాలన్నాడు. ఏ భాషవాడు చూసినా అర్థమైపోవాలి. దొంగచాటుగా గీసే నన్ను గోడల మీదికి ఎక్కించాడాయన. క్యాంటీన్‌లో నా బొమ్మ ముందు ఎవరైనా ఆగి చూస్తుంటే, నేను అన్నం కలుపుకుంటూ ఓరకంట వాళ్ళనే చూసేదాన్ని.

వాటిలో యాసిడ్ బొమ్మ నాకు మరీ ఇష్టం. యాసిడ్‌ను పలుచన చేయాలంటే ముందు నీళ్ళు తీసుకుని, వాటిలో యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి. ఉల్టా చేస్తే, అంటే యాసిడ్‌లో నీళ్ళు పోస్తే, ఒక్కసారిగా మరిగి మీదికి చిమ్ముతుంది. దీన్ని ఒకే వరుసలో నాలుగు గడులుగా గీశాను. మధ్య రెండు గడుల్లో ఒకదాంట్లో నీళ్ళు, తర్వాతి దాంట్లో యాసిడ్. రెండు కొసలకూ ఒకే మనిషి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, నవ్వుమొహం. ఈ కొసన పనికి తయారయ్యాడు, ఆ కొసన పని ముగించి నిలబడ్డాడు. గుమ్మానికి రెండు పక్కలా ఒకే కొలత దండలు వేలాడదీసినట్టు కుదిరిందని మురిసిపోయాను. గడుల పైన పెన్సిలుతో అంకెలు కూడా వేసి, "సార్, నంబర్లు ఇంకుతోని దిద్దాల్నా?" అని అడిగాను.

"బొమ్మకు నంబర్లేంది? కండ్లున్నోడికి ఎరుకైతది," అన్నాడు సార్. నాలుకకు అద్దిన బొటనవేలితో నాలుగు అంకెలనూ తుడిచేసి, దూరంగా పట్టుకుని చూసి "ఇప్పుడు సూడు, ఎంత సాఫ్‌గున్నదో" అన్నాడు. నిజంగానే ముచ్చటగా ఉంది. నేనూ ఒప్పుకున్నాను.

ఖాజా అనే అతను చాలా ఏళ్ళు ప్యాకింగులో పనిచేసి, అప్పుడే యాసిడ్ వాడే విభాగానికి మారాడు. సంగారెడ్డి మనిషి, నెమ్మదస్తుడు. ఒక మధ్యాహ్నం షిఫ్టులో కేక వినిపించింది. సార్ ఆ కడుపేసుకుని అంత వేగంగా పరుగెత్తగలడని నాకు అప్పటిదాకా తెలియదు. నేను వెళ్ళేసరికి ఖాజాను నీటిధార కింద నిలబెట్టి, అతని చేయి పట్టుకుని, తను కూడా నిలువునా తడిసి ఉన్నాడు. కళ్ళద్దాలు ఉండబట్టి కళ్ళు దక్కాయి. చిమ్మిన యాసిడ్ తొడుగుల్లోకి కూడా దిగడంతో కుడిచేయి వేళ్ళ దాకా కాలింది, మెడ మీద కొంత. ఖాజా యాసిడ్‌లో నీళ్ళు పోశాడు. నా బొమ్మ అతనికి ఎదురుగా, చేయి చాపితే అందేంత దూరంలో గోడకు ఉంది.

"ఇంత పెద్ద బొమ్మ ముందు పెట్టుకుని ఉల్టా ఎలా చేశాడండీ?" అన్నాడు ప్లాంటు పెద్ద, ఆ సాయంత్రం మా గదికి వచ్చి. "చదువు రానివాడని రాసి పంపించేయండి. ఇంకొకణ్ణి చంపుకోకముందే."

సార్ మెల్లగా తల ఊపాడు. "బొమ్మ సూసి గూడ గిట్ల చేస్తే ఇంకేం జేస్తం సార్," అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఇంకా చెప్పాలంటే, అంత బాగా గీసిన బొమ్మకు మాట వచ్చిందే అని లోపల నొచ్చుకున్నాను. ఒక మనిషి చేయి కాలి ఆసుపత్రిలో ఉంటే నేను బొమ్మ కోసం నొచ్చుకున్నాను. ఇది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఖాజా ఇంటికి చేరాక, ఉద్యోగం పోతుందన్న మాట నోటితోనే చెప్పాలని సార్ సంగారెడ్డి బయలుదేరాడు, తోడుగా నన్నూ రమ్మన్నాడు. ఆ బొమ్మ కాపీ ఒకటి చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "ఏడ తప్పిండో సూపిద్దాం. రేపు ఇంకో కంపెనీల గిట్లనే చేస్తే పాణం పోతది," అన్నాడు. పాత బజారులో ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు. ఖాజా మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు, కుడిచేయంతా కట్టు. మమ్మల్ని చూసి లేవబోయాడు. తలగడ పక్కన మడిచిన ఉర్దూ పేపరు ఉంది. దాన్ని మేమిద్దరం చూశాం, చూసి కూడా మాకు ఏమీ తట్టలేదు. అతని భార్య పరదా వెనక నుంచి చాయ్ పంపింది. సార్ బొమ్మను మంచం మీద పరిచాడు.

"సదువు ఖాజా. వేలు వెట్టి సదువు."

ఖాజా ఎడమచేయి చాపాడు. చూపుడువేలు సూటిగా వెళ్ళి కుడివైపు కొస గడి మీద పడింది.

"మొదలు ఐనక్ వెట్టుకోవాలె, దస్తానాలు ఏసుకోవాలె," అన్నాడు. వేలు ఎడమకు జరిగింది. "తర్వాత యాసిడ్." మళ్ళీ జరిగింది. "తర్వాత పానీ." ఎడమ కొసన నవ్వుతున్న మనిషి మీద ఆగింది. "ఇగ కామ్ అయిపోయింది."

నేను గీసిన బొమ్మ అటు నుంచి చదివినా అంతే చక్కగా, ఎక్కడా తట్టుకోకుండా సాగుతోంది. దండల్లా కుదిరాయని మురిసిపోయిన ఆ రెండు కొసలే దానికి కారణం.

"గా దిక్కు నుంచి ఎందుకు మొదలువెట్టినవ్?" అని సార్ అడిగాడు.

ఖాజా మా ఇద్దరి మొహాలూ చూశాడు. "గాడనే గద సార్ మొదలు? బడిల కుడి దిక్కు నుంచే నేర్పిండ్రు. పది పాసైన సార్, ఉర్దూ మీడియం. నాకు సదువు రాదని కంపెనీల అంటున్నరంట..." అని ఒకసారి పరదా వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇంట్ల ఇంకా చెప్పలే సార్. షరమ్ అయితుంది."

సార్ చల్లారిపోయిన చాయ్ ఒక్క గుక్కలో తాగాడు. ఉద్యోగం పోయే మాట ఎత్తలేదు. బొమ్మ చుట్టుకుని, ఖాజా భుజం మీద చేయి వేసి, బయటికి వచ్చాడు. జీపు కంది ఊరు దాటాక, "నంబర్లు నేనే తుడిసిన," అన్నాడు.

"రెండు కొసలకు ఒక్కటే మనిషిని గీసింది నేను సార్," అన్నాను.

"నువ్వు గీసినవ్. గోడకు ఎక్కిచ్చింది నేను. రేపు నువ్వు నోరు తెర్వకు బిడ్డా."

ఆ మాట వినగానే నా గుండెల మీది బరువు దిగిపోయింది. ఆయన నన్ను కాపాడినందుకు కృతజ్ఞత కలిగి ఉంటే బాగుండేది. కలిగింది మాత్రం హమ్మయ్య అన్న తేలిక. ఆ తేలికకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు షిఫ్టు మారే వేళ, దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ గేటు దగ్గర కలిసినప్పుడు సార్ అందరినీ ఆపాడు. ప్రమాదం గురించి నాలుగు జాగ్రత్తలు చెబుతాడనుకుని ప్లాంటు పెద్ద కూడా వచ్చి నిలబడ్డాడు. సార్ బొమ్మను రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. "ఇటు నుంచి సదివితే ఒక తీరు, అటు నుంచి సదివితే ఒక తీరు. నంబర్లు ఏస్త అన్నది మా పిల్ల. నేను వద్దన్న. ఖాజాకు సదువు రాదని ఎవలన్న అంటే అది అబద్ధం. ఖాజా సదివిండు. నాకే రాయనీకి రాలే," అన్నాడు. తర్వాత బయటి రాష్ట్రాల వాళ్ళ వైపు తిరిగి "ఖాజా ఠీక్ పఢా. మై గలత్ లిఖా" అన్నాడు. ఆ హిందీకి వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సార్ మళ్ళీ అదే మాట అన్నాడు. నవ్వులు ఆగిపోయేదాకా అంటూనే ఉన్నాడు. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. నేను చూసిన పెద్దమనుషులందరికీ తమ వల్ల తప్పు జరిగితే గొంతు పెరిగేది. సిగ్గును దాచుకోకుండా పదిమంది ముందు నిలబడ్డ మనిషిని నేను చూడటం అదే మొదలు. ఆయన పక్కకు వెళ్ళి నిలబడాలని ఉంది. వెళ్ళలేదు. మాట్లాడొద్దన్నాడు గానీ, పక్కన నిలబడొద్దని అనలేదు కదా.

ఖాజాను తీసేయలేదు. సార్‌ను మాత్రం మరుసటి నెలలో స్టోర్సుకు మార్చారు. సేఫ్టీకి కొత్త మేనేజరుగా కుర్రవాడొకడు వచ్చాడు. వెళ్ళేముందు సార్ నాకు ఒక పద్ధతి అలవాటు చేశాడు. ఏ బొమ్మ అయినా గోడకెక్కే ముందు ఒక్కో భాషవాణ్ణి పిలిచి వేలు పెట్టి చదివించాలి. మనం వెనక నిలబడాలి, దారి చూపించకూడదు, అవునని కూడా అనకూడదు. "నోరు సూడకు బిడ్డా. నోరు మనకు కావాల్సింది చెప్తది. వేలు మొదలు ఏడ పడ్తదో సూడు," అనేవాడు. స్టోర్సులో డ్రమ్ముల లెక్కల మధ్య నుంచి కూడా, కొత్త బొమ్మ అని తెలిస్తే చాలు వచ్చి, వెనక చేతులు కట్టుకుని నా పక్కన నిలబడేవాడు. రిటైరయ్యాక వెలిమెలలో, ఒకప్పుడు తాము దున్నిన చోట లేచిన అపార్టుమెంట్లలో ఒక ఫ్లాటులో ఉండేవాడు. ఎప్పుడు వెళ్ళినా బాల్కనీలో కుర్చీ చూపించి, నేను ఇంకా కూర్చోకముందే "ఖాజా చెయ్యి ఎట్లున్నది?" అని అడిగేవాడు. మానిపోయి ఎన్నో ఏళ్ళయినా అదే అడిగేవాడు. చివరిసారి ఆసుపత్రిలో, నన్ను సరిగా గుర్తుపట్టని రోజున కూడా అదే అడిగాడు. బాగుంది సార్ అన్నాను.

ఈ సోమవారం ఆ జపాను పుస్తకాన్ని సంచిలో వేసుకుని కంపెనీకి వెళ్ళాను. ఖాజా భాయ్ గడ్డం ఇప్పుడు పూర్తిగా నెరిసింది. తన షిఫ్టులో అందరికన్నా పాతవాడు. క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుని పుస్తకం బల్ల మీద పెట్టాను.

"ఏంది మేడం, బొమ్మల పుస్తకమా? ఎవరికి కొన్నరు?"

"నాకే," అన్నాను.

చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. ఎటు నుంచి తెరవాలో నేను చెప్పలేదు, సార్ నేర్పినట్టు ఊరికే చూస్తూ కూర్చున్నాను. అట్ట వైపు చూడనైనా చూడకుండా, చేతికి అలవాటైన తీరులో కుడివైపు నుంచి తెరిచాడు. కుడిచేతి చూపుడువేలు పేజీ కుడి మూలన, పై గడి మీద పడింది. ఆ వేలి మీద చర్మం ఇప్పటికీ నున్నగా, గోరు దాకా మెరుస్తూ ఉంటుంది.

"అరే, ఇది సీదా కితాబ్ ఉన్నది గద మేడం!" అన్నాడు.

ఆ మెరిసే వేలును చూడలేక నేను కళ్ళు దించుకున్నాను. ఇన్నేళ్ళలో అతను ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. నేనూ ఆ బొమ్మ సంగతి ఒక్కసారి కూడా అతని ముందు ఎత్తలేదు. ఇంగ్లీషు అక్షరాలను వదిలేసి బొమ్మ వెంట బొమ్మ చూసుకుంటూ పోతున్నాడు ఖాజా భాయ్. మధ్యలో ఆగి, నవ్వుతున్న ఒక పిల్లను చూపించి "ఈ పిల్లకు తర్వాత ఏమైతది?" అని అడిగాడు. ఏడుస్తుందని నాకు తెలుసు. ఎందుకు ఏడుస్తుందో మాత్రం తెలియదు.

"నేను ఉల్టా సదివిన ఖాజా భాయ్," అన్నాను. "నాకు సమజ్ కాలే."

అతను నవ్వలేదు. పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. నేను లేచి, బల్ల చుట్టూ తిరిగి అతని పక్కకు వెళ్ళి కూర్చుని, అతని వేలు వెనకాలే మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.